బొడ్రాయి మీద రాహుకాలం

కార్తీకమాసంలో మా బ్రాంప్టన్ తెలుగువాళ్ళు వనభోజనాలని పేరు పెట్టి ఒక కమ్యూనిటీ హాల్లో భోజనాలు చేస్తారు. బయట చలికి వనమూ ఉండదు, చెట్టుకు ఆకూ ఉండదు. ప్లాస్టిక్ కుండీలో ఏదో మొక్క తెచ్చి, ఉసిరి అనుకోమని చెప్పి, దాని చుట్టూ బల్లలు వేస్తారు. నా కడుపులో ఏడాది పాటు మండిన మాట ఆ హాల్లోనే, సాంబారు బకెట్టు పక్కన, మా అన్నయ్యగారి నోటి నుంచి వచ్చింది.

అన్నయ్యగారంటే నా తోడబుట్టినవాడు కాదు, మా ఆయన స్నేహితుడు. గుంటూరు వైపు మనిషి, ఇక్కడ ట్రక్కుల వ్యాపారం. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి నేను అన్నయ్యగారూ అంటాను. వాళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఇంత జరిగాక కూడా నేను అలాగే పిలుస్తున్నాను. నోటికి అలవాటైపోయింది తప్ప అందులో గౌరవం వీసమెత్తు లేదు.

వాళ్ళిద్దరూ నాలుగేళ్ళు ఒకే బోటులో చేపల పోటీలకు వెళ్ళారు. మాకు ఉత్తరాన, కారులో రెండు గంటల దూరంలో ఒక పెద్ద లేకు ఉంది. జూన్ చివర్లో బాస్ చేపల సీజన్ మొదలవగానే అక్కడ ఒక చిన్న లీగు నడుస్తుంది. జట్టుకి ఇద్దరు, ఒక బోటు. సెప్టెంబరు దాకా కొన్ని శనివారాలు పోటీ. పొద్దున్నే అందరూ ఒక్కచోటి నుంచే బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, పట్టినవాటిలో పెద్దవి ఐదు తూకానికి పెట్టాలి. అవి బతికి ఉండాలి. అందుకని బోటులో నీళ్ళ తొట్టి ఒకటి ఉంటుంది. తూచాక మళ్ళీ లేకులోకి వదిలేస్తారు. మొదటేడు ఇది విని నేను మా ఆయన్ని తెగ ఆడిపోసుకున్నాను. నెల్లూరులో పుట్టి, అంతంత చేపను చేతిలో పెట్టుకుని, పులుసు పెట్టకుండా సాగనంపి వస్తున్నాడని మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ప్రతి పోటీకీ పాయింట్లు వేస్తారు. సీజన్ చివర్లో ఎవరికి ఎక్కువ ఉంటే కప్పు వాళ్ళది. అది ఇత్తడిదో, ఇత్తడి రంగు వేసినదో కూడా నాకు తెలియదు. మగాళ్ళు మాత్రం దానికోసం ప్రాణం పెడతారు.

బోటు అన్నయ్యగారిది. లేకు మా ఆయనది. అంటే, నీళ్ళ కింద ఎక్కడ గడ్డి ఉంది, ఎక్కడ ఇసుక ఉంది, ఎక్కడ లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది అన్నదంతా ఆయన బుర్రలో ఉండేది. లేకు నడిమధ్య, ఒడ్డుకు ఎంతో దూరంలో, నీళ్ళ కింద రాళ్ళ దిబ్బ ఒకటుంది. అక్కడ ఒకసారి లంగరు ఇరుక్కుపోయి, దాన్ని లాగడానికి తంటాలు పడుతూ ఆయనే కనిపెట్టాడు. దానికి బొడ్రాయి అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ బొడ్రాయి మీద పట్టిన చేపలతోనే వాళ్ళిద్దరికీ ఆ లీగులో పేరు వచ్చింది. దాని గుర్తు అన్నయ్యగారి బోటులో దారీ లోతూ చూపించే స్క్రీన్ మీద ఒక ఎర్ర చుక్కగా ఉండిపోయింది.

అయితే అన్నయ్యగారికి రాహుకాలం పట్టింపు ఉంది. మామూలు పట్టింపు కాదు. ఫోన్లో టొరంటో సూర్యోదయం ప్రకారం లెక్క కట్టే పంచాంగం ఉంటుంది, అది గంట కొట్టిందంటే ఆయన ట్రక్కులు యార్డులోంచి కదలవు. శనివారం రాహుకాలం పొద్దున పూట వస్తుంది. ఆ సమయానికి బోటు ఎక్కడ ఉంటే అక్కడే ఉండాలి. ఉన్నచోట గాలం వేసుకోవచ్చు, కొత్త చోటికి బయలుదేరకూడదు. బొడ్రాయి మీద చేపలేమో ఎండ రాళ్ళ దాకా దిగాక, సరిగ్గా ఆ వేళకే మేతకు లేస్తాయని మా ఆయన లెక్క. గంట ముందు పోదాం బావా అని మా ఆయన నాలుగేళ్ళు అడిగాడు. ఆ చేపలెక్కడికి పోతాయి బావా అని అన్నయ్యగారు నాలుగేళ్ళు అన్నాడు. ఆ ఖాళీలో ఇద్దరూ నేను కట్టిచ్చిన పులిహోర తినేవాళ్ళు.

నాలుగో ఏడు మా ఆయన కుడి చేయి వణకడం మొదలుపెట్టింది. టీ కప్పు సాసర్ మీద చప్పుడు చేస్తుంటే మొదట నేను చలి అనుకున్నాను. పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను, ఆయన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చింది అన్నయ్యగారే. ఆ తర్వాత, పక్కనున్న వాన్ అనే ఊళ్ళో ఆయన పనిచేసే వేర్‌హౌసువాళ్ళు ఆయన్ని ఫోర్క్‌లిఫ్ట్ మీద నుంచి దించి, స్టిక్కర్లు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ సీజన్ చివరి పోటీలో తూకం దగ్గరికి చేపలు తీసుకెళ్తుంటే అన్నిటికంటే పెద్దది ఆయన చేతిలోంచి జారి, చెక్కల మీద పడి, ఒక్క ఎగురు ఎగిరి లేకులోకి పోయింది. తూచని చేపకు లెక్క లేదు. కప్పు ఆ చేపతోనే పోయింది.

ఇక ఆ హాల్లో జరిగింది చెప్తాను. వచ్చే ఏడు కప్పు మీదేనా అని ఎవరో అన్నయ్యగారిని అడిగారు. ఆయన సాంబారు పోసుకుంటూ, చివరి బల్లకు కూడా వినపడేటట్టు అన్నాడు.

"ఈసారి చేతులు నిలకడగా ఉన్నోణ్ణి పెట్టుకుంటున్నాలెండి. మా బావ చేతికిస్తే చేప కూడా డ్యాన్స్ చేస్తంది."

నవ్వారు. నవ్వినవాళ్ళలో రిటైరైన డాక్టర్లు కూడా ఉన్నారు. తను జట్టులో లేనన్న సంగతి మా ఆయనకు తెలిసింది అప్పుడే. ఆయన కూడా నవ్వినట్టే మొహం పెట్టాడు. తర్వాత కుడి చేతిని బల్ల కిందికి తీసుకుని, ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. నలుగురి మధ్య, విస్తరి ముందు, మా ఆయన ఎడమ చేత్తో తిన్నాడు. నేను అది చూశాను. చూసిందాన్ని చచ్చేదాకా మర్చిపోను.

తెలియని మనిషి అంటే పోనీ అనుకుందును. డాక్టరు గది బయట కూర్చున్న మనిషి అన్నాడు. అందుకే నాకు అంత మండింది.

ఇంటికొస్తుంటే కారులో మా ఆయన, "వాడన్న దాంట్లో తప్పేముందిలే. చేప జారింది నిజమే గదా" అన్నాడు. నేను నోరు తెరిస్తే హైవే మీద కారు ఆపాల్సి వచ్చేది.

ఆ చలికాలం ఆయన గాలాలన్నీ గ్యారేజీలో ఒక మూలకు చేర్చి, మీద దుప్పటి కప్పేశాడు. శనివారాలు సోఫాలో కూర్చుని టీవీలో వాతావరణం చూసేవాడు. లేకు దగ్గర మంచు కరిగిందని చెప్పినా ఊఁ అనలేదు. ఆయన మొదటి నుంచీ నోట్లో నాలుక లేని మనిషి, కానీ ఇది వేరే రకం మౌనం. ఫోర్క్‌లిఫ్ట్ పోయింది, బోటు పోయింది, ఇలాగే వదిలేస్తే మనిషే పోతాడని నాకు భయం పట్టుకుంది. భయం పక్కనే కక్ష కూడా ఉంది, దాచడం దేనికి. నాకు రెండే రెండు కావాలి. మా ఆయన మళ్ళీ నీళ్ళ మీదికి రావాలి. అన్నయ్యగారు ఆ కప్పు ముట్టుకోకూడదు.

బేస్‌మెంట్ అద్దెల్లోంచి వంటింటి కోసం దాచుకున్నది తీసి ఒక పాత అల్యూమినియం బోటు కొన్నాను. వంటింటి అలమారాల తలుపులు ఇవాళ్టికీ వేలాడుతూనే ఉన్నాయి. బోటు ఇంటి ముందుకొచ్చిన రోజు మా ఆయన వాకిట్లో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఎవరికిది?" అన్నాడు.

"మనకే. నేను పార్ట్‌నర్‌ని."

"నీకు గాలం వెయ్యడం వచ్చా?"

"నేర్పండి."

గ్వెల్ఫ్‌లో చదువుతున్న మా అమ్మాయికి ఫోన్లో చెప్తే, "మామ్, దిస్ ఈజ్ సో పెటీ" అంది. అవునమ్మా అన్నాను. చిన్నబుద్ధి అనుకుంటే అనుకోనీ. పెద్ద మనసున్న వాళ్ళందరూ ఆ రోజు హాల్లో నవ్వారు.

బోటు నడిపే కార్డుకు పరీక్ష రాశాను, గాలానికి లైసెన్సు తీసుకున్నాను. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే డ్రైవ్‌వేలో ఒక బకెట్టు పెట్టుకుని, సీసపు గుండు కట్టిన దారాన్ని అందులో పడేలా విసరడం. పక్కింటి పంజాబీ ఆంటీ రోజూ బయటికొచ్చి, చేప పడిందా అని అడిగేది. రాలేదాంటీ, రేపు వస్తుంది అనేదాన్ని. ట్రైలర్‌ను వెనక్కి నడపడమే నాకు చుక్కలు చూపించింది. స్టీరింగ్ ఎటు తిప్పితే అది రెండోవైపు పోతుంది. వారం మధ్యలో గుడి పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంటుందని అక్కడికి పోయి ప్రాక్టీస్ చేశాను. పూజారిగారు చూసి చూసి, చివరికి ఒక కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, "ఇప్పుడు నడపమ్మా" అన్నారు. నిమ్మకాయ తొక్కించాను, దాంతోపాటు ఒక ప్లాస్టిక్ కోనును కూడా తొక్కించాను.

నేర్పుతూ నేర్పుతూ మా ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మందు వేసుకున్న గంటకు ఆయన చేయి కొంచెం నెమ్మదిస్తుంది, ఆ వేళను బట్టి పని పంచుకున్నాం. ముడులు నేను వేస్తాను, వల నేను పడతాను, బోటు నేను నడుపుతాను. ఎక్కడికి పోవాలో, ఏ లోతులో వెయ్యాలో, ఎప్పుడు లాగాలో ఆయన చెప్తాడు. ఆయన కూడా గాలం వేస్తాడు. చేయి వణకడం వల్ల ఎర కదిలి చేపలు ఎక్కువ వస్తున్నాయని లీగులో కొందరు మెచ్చుకోలుగా అనేవాళ్ళు. నాకు అది కూడా ఒళ్ళు మంటే. వణకని రోజు కూడా ఆయనకు చేపలు పడేవి.

జూన్‌లో మొదటి పోటీ రోజు, బోట్లు నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర అన్నయ్యగారు మమ్మల్ని చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆయన పక్కన కొత్త పార్ట్‌నర్ ఉన్నాడు, ముప్ఫై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ మనిషి, హైదరాబాదువాడు, ఒంటి మీదున్నవన్నీ కొత్తవి.

"ఏంది చెల్లెమ్మా, మీరు కూడానా? పులిహోర తెచ్చారా మరి?" అన్నాడు అన్నయ్యగారు.

"తెచ్చానన్నయ్యగారూ. మీకు మాత్రం లేదు."

ఆయన నవ్వేశాడు. మా ఆయనైతే ఆయన భుజం తట్టి, "బాగుండావా బావా" అని పలకరించాడు. నేను పళ్ళు నూరుకుంటూ లైఫ్ జాకెట్ బిగించుకున్నాను.

ఆ రోజు నీళ్ళ మీదికి పోగానే బొడ్రాయికి పోదాం అన్నాను. ఆయన రాహుకాలంలో కదలడు కదా, మనం పోయి కూర్చుందాం అన్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు కాదు."

"ఎందుకు కాదు? అది మీరు కనిపెట్టింది."

"ఇప్పుడు కాదులే."

రెండో పోటీలోనూ అదే మాట. మూడో దాంట్లోనూ అదే. మొహమాటం అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, ఇంకా ఆ స్నేహం పట్టుకుని వేలాడుతున్నాడని తిట్టుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక పైకే అనేశాను, మీకు చీమూ నెత్తురూ లేవా అని. ఆయన దారం చుట్టుకుంటూ, "ఆ గడ్డి పక్కన వెయ్యి, లోపల ఒకటుంది" అన్నాడు. వేశాను. ఉంది. కోపంగానే లాగాను.

బొడ్రాయి లేకుండానే మేము అడుగు నుంచి మెల్లగా పైకొచ్చాం. ఆగస్టుకల్లా ఐదు చేపలు నిండిన రోజులు కూడా వచ్చాయి. కప్పు దాకా పోయే పాయింట్లు మాకు లేవు, మొదటి పోటీలో రెండు చేపలతోనే ఇంటికొచ్చాం మరి. అన్నయ్యగారి జట్టేమో పట్టికలో పైనే ఉంది. ప్రతిసారీ పొద్దున గడ్డి మడుగుల్లో మొదలుపెట్టి, రాహుకాలం అక్కడే గడిపి, తర్వాత బొడ్రాయి మీదికి పోయి మిగిలినవి పట్టుకునేవాళ్ళు. వెనకాలే ఇద్దరు పంజాబీ అన్నదమ్ముల జట్టు ఉంది. చివరి పోటీలో అన్నయ్యగారికి ఒక మాదిరి ఐదు చేపలు పడితే చాలు, కప్పు ఆయనదే. నాకు నిద్ర పట్టడం మానేసింది. మేము గెలవలేం, ఆ సంగతి నాకు తెలుసు. ఆయన గెలవకూడదు, అంతే.

సెప్టెంబరు శనివారం. చలి మొదలైంది, గాలి లేదు. మేము పొద్దున గడ్డి మడుగులో రెండు చేపలు పట్టాం. అన్నయ్యగారి బోటు మాకు కనపడేంత దూరంలోనే, అదే మడుగు మూతి దగ్గర ఉంది. ఎండ బాగా ఎక్కింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసి, గాలం పక్కన పెట్టి, వెనక్కి జారగిలపడ్డాడు. గంట మోగిందన్నమాట.

మా ఆయన కూడా అటే చూస్తున్నాడు.

"పద. బొడ్రాయికి" అన్నాడు.

నేను విన్నది నిజమేనా అని ఆయన మొహంలోకి చూశాను.

"వాడి ముందు నుంచే పో. నిదానంగా."

పోయాను. అన్నయ్యగారి బోటు ముందు నుంచి, ఆయన పక్కనున్నాయన టోపీ మీద అక్షరాలు చదవగలిగినంత దగ్గరగా, నెమ్మదిగా పోయాను. మా బోటు ముక్కు ఎటు తిరిగిందో చూడగానే అన్నయ్యగారు లేచి నిలబడ్డాడు. "అంకుల్, వాళ్ళు మన స్పాట్‌కే పోతున్నారు, స్టార్ట్ చేయండి" అని ఆ పార్ట్‌నర్ అరవడం నీళ్ళ మీద మాకు స్పష్టంగా వినపడింది. అన్నయ్యగారు ఇంజన్ తాళం మీద చెయ్యి పెట్టాడు. పెట్టి, తీసేశాడు. ఆ చెయ్యి వెనక్కి పోవడం చూసి నేను పొందిన ఆనందం ఏ పండక్కీ పొందలేదు.

బొడ్రాయి మీదికి చేరాక, బోటు ముందున్న చిన్న కరెంటు మోటారు దించి బటన్ నొక్కాను. అది బోటును ఉన్నచోటే నిలబెడుతుంది. ఎండ నీళ్ళలోకి దిగి, రాళ్ళు లోపల పచ్చగా కనపడుతున్నాయి. నాలుగేళ్ళు రాహుకాలానికి ధారపోసిన ఆ సమయంలో బొడ్రాయి మీద ఏముంటుందో మా ఆయన మొదటిసారి చూశాడు. గాలం అడుగు తగలకముందే పట్టేస్తున్నాయి. నేను ఒకటి, ఆయన ఒకటి, మళ్ళీ ఆయన ఒకటి. ఐదు నిండాయి. ఆ తర్వాత చిన్నదాన్ని తీసి వదలడం, పెద్దదాన్ని వేసుకోవడం.

అప్పుడు ఆయన గాలానికి నిజంగా పెద్దది తగిలింది. కర్ర నీళ్ళలోకి వంగిపోయింది. మందు వేళ దాటిపోయి ఆయన చేయి మోచేతి దాకా ఊగుతోంది. రీలు పిడి వేళ్ళకు దొరకడం లేదు. "నువ్వు పట్టుకో, నా వల్ల కాదు" అని కర్ర నాకివ్వబోయాడు. నేను వల పట్టుకుని వంగి కూర్చున్నాను, తీసుకోలేదు. "మీరే లాగండి. పోతే పోనీండి" అన్నాను. ఆయన కర్ర మొదలును పొట్టకు ఆనించుకుని, ఎడమ చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. చేప రెండుసార్లు గాలిలోకి లేచింది. మూడోసారి వలలోకి వచ్చింది. ఆయన సీటు మీద కూలబడి ఊపిరి తీసుకుంటూ, "భలే ఉందే" అన్నాడు. ఇద్దరం దాన్ని తొట్టిలో వేసి మూత మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం.

రాహుకాలం అయీ అవగానే అన్నయ్యగారి బోటు దూసుకొచ్చింది. ఒక బోటు ఆగి ఉన్నచోటికి ఇంకో బోటు దగ్గరగా రాకూడదని లీగులో నియమం. కేక వేస్తే వినపడే దూరంలో ఆగాడు.

"బావా, ఇంకా ఎంతసేపుంటారు?"

నేనే అడిగాను.

"మీ రాహుకాలం అయిపోయిందా అన్నయ్యగారూ?"

"అయింది చెల్లెమ్మా. కొంచెం పక్కకి జరిగితే మేము కూడా రెండేసుకుంటాం. మాకు మూడే పడ్డాయి."

ఆ మాటకు మా ఆయన వంగి సంచీలోంచి పులిహోర డబ్బా తీశాడు. మూత తీసి, నాకొక చెంచా ఇచ్చి, తనొక చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టాడు. మాకు ఐదు చేపలు నిండి చాలాసేపైంది. ఆ రోజుకు మాకు ఆ చోటుతో పని లేదు. అయినా మేము కదలలేదు. తిన్నాం, మజ్జిగ తాగాం, ఎర లేని గాలాలు నీళ్ళలో వేలాడేసి కూర్చున్నాం. అన్నయ్యగారు మా చుట్టూ తిరిగాడు, కాసేపు ఆగాడు, ఆ పార్ట్‌నర్ ఏదో అంటే గట్టిగా కసురుకున్నాడు. చివరికి వేరే చోటికి పోయాడు. మేము తిరిగి వెళ్ళాల్సిన వేళయ్యేదాకా ఆ రాళ్ళ మీదే ఉన్నాం. తప్పా అంటే తప్పే. నాకు ఒక్క క్షణం కూడా బాధ అనిపించలేదు.

తూకం దగ్గర మా ఐదు ఆ రోజుకు అన్నిటికంటే బరువు తూగాయి. అన్నయ్యగారికి నాలుగే. కప్పు పంజాబీ అన్నదమ్ములకు పోయింది. వాళ్ళు కప్పు ఎత్తుకుని గంతులేస్తుంటే మా ఇద్దరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరూ లేరు.

జనం ఇంకా అక్కడే ఉండగానే ఆ సాఫ్ట్‌వేర్ పార్ట్‌నర్ తన పెట్టె సర్దుకుని అన్నయ్యగారి ముందు నిలబడ్డాడు.

"అంకుల్, నో అఫెన్స్. నెక్స్ట్ ఇయర్ నేను వేరే టీమ్ చూసుకుంటా. చేపలు అక్కడున్నయని తెలిసి ఫోన్ చూస్కుంట కూర్చునుడు నాతోని కాదు."

అందరూ విన్నారు. అన్నయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక చాలు, నా పని అయిపోయింది, ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాను అనుకున్నాను.

మేము బోటును ట్రైలర్ మీదికి ఎక్కించి పట్టీలు బిగిస్తుంటే అన్నయ్యగారు మెల్లగా మా దగ్గరికొచ్చాడు. నన్ను చూడలేదు. మా ఆయన పక్కన నిలబడి ట్రైలర్ మీద చెయ్యి వేశాడు.

"బావా, ఏదో నోరు జారా. మనసులో పెట్టుకోమాక. వచ్చే ఏడు మళ్ళా మనిద్దరం పోదాం."

మా ఆయన మొహం విప్పారింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎదురుచూసింది ఈ పిలుపు కోసమే, ఒప్పేసుకుంటాడు, నా కక్షంతా బూడిదలో పోసినట్టే అనుకున్నాను.

"నీ బోటులోనా?" అన్నాడు మా ఆయన.

"నా బోటులోనే బావా. ముందు సీటు నీకే. మోటారు నీ కాలి కింద ఉంటది."

"పాత స్క్రీనేనా?"

"కొత్తది పెద్దది పెట్టిస్తా."

"మరి తూకం దగ్గర?"

"చేపలు నేను పట్టుకుంటాలే. నువ్వు పక్కన నిలబడు చాలు."

"రాహుకాలం సంగతేంది?"

అన్నయ్యగారు జేబులో ఫోన్ తడుముకున్నాడు. "నువ్వెట్టా అంటే అట్టా. నువ్వు పదమంటే పోదాం" అన్నాడు. ఆయన రాహుకాలాన్ని వదులుకోవడం నేను చెవులారా విన్నాను.

మా ఆయన తల ఊపుతూ అంతా విన్నాడు. ఇంకేమైనా చెప్తాడేమోనని కొంచెం ఆగాడు కూడా. తర్వాత వెనక పట్టీ కొస తీసి నా చేతికిచ్చాడు.

"నాకు పార్ట్‌నర్ ఉంది గదా బావా" అన్నాడు.

అన్నయ్యగారు ట్రైలర్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. నేను ఆయన మొహాన్ని తనివితీరా చూశాను, అబద్ధమెందుకు.

హైవే ఎక్కాం. బొడ్రాయికి మొదటి నుంచీ పోయి ఉంటే ఏమయ్యేదని నేను లెక్క వేసుకుంటున్నాను. జూన్‌లోనే పోయి ఉంటే అన్నయ్యగారు తర్వాతి పోటీకల్లా తెలివి తెచ్చుకుని, తెల్లవారగానే ముందు అక్కడికే పోయి కూర్చునేవాడు. చివరి రోజుకు మా చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు కాదు అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. పక్కకు తిరిగి చూశాను. ఆయన కుడి చేయి ఒళ్ళో వణుకుతోంది. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

"ఎప్పుడు అడుగుతాడా అని జూన్ నుంచీ చూస్తున్నా" అన్నాడు.

ఇద్దరి పగా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ రోజు మొదటిసారి మా ఆయనంటే నాకు కొంచెం భయం వేసింది.